చివరి నూనె

లిందాల్వా సంచి సర్దడం అది మూడోసారి. లాంచీలో పడుకోవడానికి ఉయ్యాల వల చుట్టి అడుగున పెట్టింది. దాని మీద నీలం గౌను, దాని మీద దువ్వెన, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలు, అన్నిటికన్నా పైన కళ్ళజోడు. జిప్పు లాగాక కళ్ళజోడు నలిగిపోతుందేమోనని అనుమానం వచ్చి మళ్ళీ అన్నీ బయటికి తీసి మంచం మీద పరిచింది.

"పట్నం వెళ్ళి నాలుగు రోజుల్లో తిరిగొచ్చేదానివి నాలుగేళ్ళకి సర్దుతున్నావేంటే," అన్నాడు ఎజెకియాస్. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు.

"మా అక్క కూడా నాలుగు రోజులనే వెళ్ళింది."

"మీ అక్క మొగుణ్ణి వదిలేసి పోయింది. నువ్వు బిషప్పుగారి సభకి పోతున్నావు."

"అయితే మాత్రం? సంచి సంచే."

ఆయన నవ్వి దారం పళ్ళతో కొరికాడు. ఆమెకి నవ్వు రాలేదు. వరద కాలం. ఇంటి కింద కర్రల్ని సగందాకా ముంచేసి చెరువు నీళ్ళు నేల పలకల కిందే గలగలమంటున్నాయి. ఇలాంటప్పుడు ఇంటి మెట్టు మీంచి నేరుగా దోనెలోకి దిగాలి. వెళ్ళినవాళ్ళ అడుగుజాడ కూడా మిగలదు. ఈ సాంత క్విటేరియాలో సంచి సర్దుకుని ఆ మెట్టు దిగిన వాళ్ళందరినీ లిందాల్వా లెక్కపెట్టగలదు. తిరిగొచ్చినవాళ్ళని లెక్కపెట్టడం ఇంకా తేలిక.

సభకి వెళ్ళమని ఊరే ఆమెని ఎన్నుకుంది. వచ్చే ఏడాది రోమ్‌లో అమెజాన్ అడవుల క్రైస్తవుల గురించి పెద్ద సమావేశం జరగబోతోందట. అందుకని బిషప్పుగారు ఒక్కో చెరువు నుంచి, ఒక్కో ఏటిపాయ నుంచి ఒక మనిషిని పంపమని కబురు పెట్టారు. గురువులు చాలని ఈ ఊళ్ళలో పూజ ఎవరు చేయాలి, ఆడవాళ్ళకి గురుపట్టం ఇమ్మని అడుగుదామా వద్దా అన్నది కూడా అక్కడ మాట్లాడతారు. ఇరవై ఏళ్ళుగా సాంత క్విటేరియా గుడి తలుపు తీసేది లిందాల్వాయే. ఆదివారం వాక్యం చదివేదీ, పాట ఎత్తుకునేదీ, పీఠం మీద తాళం వేసి ఉంచే మందసం పెట్టెలోంచి దివ్యసత్ప్రసాదం, గురువు ప్రతిష్ఠించిన అప్పాలు, పంచేదీ, చచ్చినవాళ్ళ తలదగ్గర కూర్చునేదీ ఆమే. గురువు మాత్రం ఏడాదికోసారి వస్తాడు. ఒక్క పూటలో పిల్లలందరికీ జ్ఞానస్నానాలు, జంటలందరికీ పెళ్ళిళ్ళు కానిచ్చి, మందసం నిండా ప్రసాదం ప్రతిష్ఠించి ఇచ్చి పోతాడు. ఆ ప్రసాదమే ఏడాదంతా సరిపెట్టుకోవాలి.

చెరువు అవతల మోటారు చప్పుడైంది.

"ఫాదర్‌గారి దోనే అది," అన్నాడు ఎజెకియాస్ చెవి ఒగ్గి. "ఆదివారం లాంచీకి నీతోపాటే పోతాడన్నమాట."

లిందాల్వా సంచి మంచం కిందకి తోసి పొయ్యి రాజేయడానికి లేచింది.

ఫాదర్ ఎవరిస్తో దేశానికి దక్షిణపు కొసనుంచి వచ్చిన మనిషి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయింది. చీలమండల చుట్టూ దోమకాట్లు పొక్కులు కట్టి ఉన్నాయి. కాల్చిన తంబాకీ చేప, కర్రపెండలం రవ్వ ఆయన ముందు పెట్టింది లిందాల్వా. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. తిన్నాక వరండాలో బల్ల మీద కూర్చుంటే జనం ఒక్కొక్కరే దోనెలు కట్టేసి ఎక్కి వచ్చారు. పుట్టిన పిల్లల పేర్లు, పెళ్ళి కావాల్సిన జంటల పేర్లు, పూజలో తలుచుకోవాల్సిన చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పుకుంటున్నారు.

ఒదినెయా వంతు వచ్చింది. మొన్నటి ఎండాకాలంలో ఆమె మొగుడు జొవీనో పోయాడు. కొప్పు బిగించుకుని వచ్చి నిలబడింది.

"జొవీనో అని చెప్పండి ఫాదర్. పూర్తి పేరు దేవుడికి తెలుసు."

"పాపం, గురువు లేక ఆయన చివరి సంస్కారాలేవీ అందకుండానే పోయి ఉంటారు. అలాంటి వారి కోసం ప్రత్యేకమైన ప్రార్థన ఒకటి ఉంది, అది చేద్దాం."

ఒదినెయా మెడ నిలబెట్టింది. "అందకుండా ఎందుకు పోతాడు? దిక్కులేనోడా? లిందాల్వా వచ్చి చివరి నూనె రాసింది."

అది ఊరందరికీ తెలిసిన సంగతే. ఫాదర్ నెమ్మదిగా తలతిప్పి, వెనక కాఫీ వడపోస్తున్న లిందాల్వా వంక చూశాడు. ఆమె తల వంచుకుని గుడ్డ వడపోత పిండింది.

జనం వెళ్ళిపోయాక మెట్టు మీద కూర్చున్నారు ఇద్దరూ. ఎజెకియాస్ వల తీసుకుని కావాలనే దూరంగా పోయాడు.

"ఏం నూనె అది అమ్మా?"

"ఆందిరోబా."

"బిషప్పుగారు మంత్రించి పంపినదా?"

"లేదు ఫాదర్. మోకాళ్ళ నొప్పులకి రాసుకుంటామే, అది. వాళ్ళింటి సీసాయే."

"ఏం మాటలు అన్నారు?"

"మరియమ్మ జపం చెప్పాను. మీ మాటలు నేను అనలేదు." లిందాల్వా గౌను అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. "చెరువు ఎండిపోయి ఉంది. బురదలో దోనె ఈడ్చుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి అతను గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. జొవీనో మంచివాడు కాదు ఫాదర్. తాగేవాడు. ఒదినెయాని కొట్టేవాడు, వయసులో ఉన్నప్పుడు. చావు ముందు భయపడిపోయాడు. ఏం చెయ్యాలో తోచక సీసా ఇమ్మని దాన్నడిగి నుదుటికీ, ఛాతీకీ, అరచేతులకీ రాశాను. ఎవరికైనా రాస్తాం కదా అట్లా. అప్పుడు అడిగాడు, ఇది ఆ నూనేనా అని."

"మీరు అవునన్నారా?"

"అనలేదు. కాదనీ అనలేదు. రాస్తూ ఉండిపోయాను."

ఫాదర్ దోమకాటు గోక్కున్నాడు. రక్తం వచ్చింది. "చివరి నూనె రాయడం, ఆ అవస్థ అభ్యంగనం, గురువు మాత్రమే చేయగలడని మీకు తెలుసు."

"తెలుసు."

"తరవాతైనా చెప్పలేదే?"

"ఒదినెయాకి నిద్ర పడుతోంది ఫాదర్. పెళ్ళైన నాటినుంచీ చూస్తున్నాను, ఇప్పుడే దానికి నిద్ర పడుతోంది. వాడు నరకానికి పోతాడేమోనని దానికున్న బెంగ అంతా ఆ నూనెతో తీరిపోయింది. ఏమని చెప్పను?"

ఆయన పొక్కు మీది రక్తం బొటనవేలితో తుడుచుకున్నాడు. "నాకు మీ మీద కోపం లేదమ్మా. కానీ వినండి. సభలో మీరు లేచి, ఆడవాళ్ళకి గురుపట్టం కావాలనో వద్దనో ఏదో ఒకటంటారు. వద్దనేవాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు. వాళ్ళలో ఒకడు ఈ సంగతి విని ఉంటాడు. మోకాళ్ళ నూనె రాసి సంస్కారమని నమ్మించిన మనిషి ఈవిడేనంటాడు. అంతటితో మీరొక్కరే కాదు, అక్కడికొచ్చిన ఆడవాళ్ళందరి మాటా పోతుంది. ఇప్పటికే గురువుల ఆట ఆడుకుంటున్నారని నవ్వుతారు."

ఆయన చెప్పింది నిజమేనని లిందాల్వాకి తెలుస్తూనే ఉంది.

"ఆదివారం పూజలో మీరే లేచి చెప్పండి, అది సంస్కారం కాదని. ఊరంతా నమ్మింది కాబట్టి ఊరంతటికీ చెప్పాలి. చెప్పారా, ఇద్దరం ఒకే లాంచీలో వెళ్దాం. లేదంటే సభకి ఇంకొకరిని పంపమంటాను. అప్పటిదాకా మందసం తాళంచెవి నా దగ్గర ఉంచండి."

తాళంచెవి ఆమె మెళ్ళో సిలువతోపాటు ఒకే దారానికి ఉంటుంది. ముడి బిగుసుకుపోయి రాలేదు. లిందాల్వా లోపలినుంచి ఎజెకియాస్ చేపల కత్తి తెచ్చి దారం కోసి, చెవి ఒక్కటీ తీసి ఇచ్చి, సిలువ గుప్పిట్లో పెట్టుకుంది.

శనివారం పొద్దున్నే రవ్వ వేయించే పాకలో పొయ్యి మండుతోంది. పూజకి జనం వస్తారు, అందరికీ తిండి కావాలి. పొడుగాటి ఈత బుట్టలో కుక్కి పిండిన కర్రపెండలం ముద్దల్ని జుల్మీరా జల్లెడ పడుతుంటే, ఒదినెయా తెడ్డంత గరిటెతో పెద్ద ఇనప పెనం మీద తిప్పుతోంది. లిందాల్వా రెండో గరిటె అందుకుని ఎదురుగా నిలబడింది. ఒకరు తోస్తే ఒకరు లాగాలి. ఆగితే మాడిపోతుంది. మాటలు చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు, చెవులు తప్పించుకోవడానికి అంతకన్నా చెడ్డ చోటూ లేదు.

"ఏం వదినా, పట్టం కట్టించుకుని వస్తావటగా పట్నంనుంచి?" అంది జుల్మీరా. ఎజెకియాస్ చెల్లెలు ఆమె. నోరు ఆగదు. "మా అన్నయ్యని ఏమని పిలవాలో చెప్పి పో. ఫాదర్‌గారి భార్య అనా?"

"వంటమనిషి అను," అంది ఒదినెయా. "ఫాదర్లకి వంటమనుషులుంటారుగా. వంట ఎట్లాగూ ఆయనే చేస్తున్నాడు."

"నవ్వులాటకి కాదు. యేసు పన్నెండుమందిని పిలిచాడు, పన్నెండుమందీ మగాళ్ళే. వాళ్ళమ్మ పక్కనే ఉన్నా ఆవిణ్ణి పిలవలేదు. నువ్వు ఆవిడకంటే గొప్పదానివా ఏంటి వదినా?"

"అందులో సగంమంది చేపలు పట్టేవాళ్ళే," అంది ఒదినెయా చెమట తుడుచుకుంటూ. "ఆ లెక్కన ముందు నీ మొగుడికివ్వాలి పట్టం. చేపలు పట్టడం తప్ప ఇంకో పని చేతకాదు. అదైనా అంతంతమాత్రం."

జుల్మీరాకే నవ్వొచ్చింది. పిండి మొహం మీద చిమ్మింది. "మీరెన్ని చెప్పండి. పీఠం దగ్గర గౌను కనపడితే నేను గుళ్ళో అడుగు పెట్టను."

"ఫాదర్ వేసుకునేదేంటి మరి? గౌను కాదూ?"

లిందాల్వా గరిటె తోస్తూ ఉంది. పెనం మీద రవ్వ గలగలా ఎండుతోంది. ఎదురుగా ఒదినెయా మోచేతులు ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. ఎడమచేతి మణికట్టు కొంచెం వంకర. జొవీనో విరగ్గొట్టిన చెయ్యి అది. సరిగ్గా అతుక్కోలేదు. ఆ చేత్తోనే ఇప్పుడు ఏదో పాట గొణుగుతూ రవ్వ తిప్పుతోంది. ఒదినెయా ఇంతకుముందు పాట పాడేది కాదు.

జుల్మీరా కట్టెల కోసం బయటికి వెళ్ళింది. అదే అదను.

"ఒదినెయా."

"ఊఁ?"

"జొవీనో పోయిన రోజు…"

"ఆగక, తిప్పు తిప్పు, నీ వైపు మాడుతోంది."

లిందాల్వా తిప్పింది. పొగ కళ్ళలోకి కొట్టింది. మళ్ళీ నోరు తెరిచేలోగా ఒదినెయా అంది, "నిన్న ఫాదర్ అట్లా అనేసరికి ఒళ్ళు మండింది నాకు. ఏమీ అందకుండా పోయాడంట. వీళ్ళు రారు, వచ్చి చేసినవాళ్ళది లెక్కలేదంటారు. నువ్వు ఆ బురదలో వచ్చావు. నడుం దాకా బురద. నేను మర్చిపోతానా?"

జుల్మీరా కట్టెలు తెచ్చి పడేసింది. లిందాల్వా చెప్పాలనుకున్న మాట రవ్వతో పాటు పెనం మీదే ఎండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె తిండి తినలేదు. సంచి మంచం కిందనుంచి లాగి, విప్పి, గౌను తీసి మేకుకి తగిలించింది. సభకి వెళ్ళనని చెప్పేస్తే సరిపోతుంది. తాళంచెవి జుల్మీరాకి ఇచ్చినా దేవుడు దేవుడే. ఒదినెయా పాట ఆగిపోవడం కన్నా అది నయం. కానీ ఫాదర్ వచ్చే ఏడాది మళ్ళీ వస్తాడు. ఆయన కాకపోతే ఇంకొకడు. ఎవడో ఒకడు ఏదో ఒక రోజు ఒదినెయాతో అంటాడు, నీ మొగుడికి రాసింది ఉత్త మోకాళ్ళ నూనె అని. ఆ మాట ఎవడో కొత్తవాడి నోట వినేకంటే…

"తింటావా తినవా?" అన్నాడు ఎజెకియాస్.

"నేనే చెప్పాలి."

"చెప్పు మరి. దానికి పస్తు ఎందుకు?"

గౌను మేకు మీంచి తీసి మళ్ళీ మడత పెట్టింది.

ఆదివారం గుడి నిండిపోయింది. చోటు చాలక కొందరు దోనెల్లోనే కూర్చుని కిటికీలగుండా చూస్తున్నారు. వాళ్ళ తెడ్ల చప్పుడు పాటలకి తాళం వేసినట్టుంది. ఏడుగురు పిల్లలు జ్ఞానస్నానానికి, మూడు జంటలు పెళ్ళికి. ఒక పెళ్ళికూతురు చంకలో జ్ఞానస్నానం కావాల్సిన పిల్లాడు. ఫాదర్ గొంతు బొంగురుపోయింది. వాక్యం చదవమని లిందాల్వాకి సైగ చేశాడు. ఆమె చదివింది. ఎన్నడూ తడబడనిది రెండుచోట్ల తడబడింది.

ప్రసంగం అయ్యాక ఫాదర్ ఆమె వంక చూసి తల ఊపాడు.

లిందాల్వా లేచి నిలబడింది. ముందు వరసలో ఒదినెయా ఉంది. అందరి వంకా చూసి చెప్పాలని అనుకుంది గానీ చూపు అక్కడినుంచి కదల్లేదు.

"జొవీనోకి నేను రాసింది చివరి నూనె కాదు," అంది. "అది గురువులు రాసేది. నేను గురువుని కాను. అది మనింట్లో ఉండే ఆందిరోబా. ఇదేనా ఆ నూనె అని అతనడిగితే నేను కాదనలేకపోయాను. మీరంతా అదే అనుకుంటుంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. తప్పు నాది. ఒదినెయా, నన్ను క్షమించు."

కిటికీ అవతల ఒక తెడ్డు దోనెకి కొట్టుకుంది.

ఒదినెయా కూర్చున్న చోటునుంచే అంది, "తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆందిరోబా అని. ఏంటే నువ్వు మరీను? గింజలు ఉడకబెట్టింది నేను, ముగ్గబెట్టింది నేను, పిసికి ఎండలో పెట్టి కారిన బొట్టు బొట్టూ పట్టింది నేను. ఆ సీసా నీ చేతికిచ్చింది నేను. నా నూనె నాకు తెలియదా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జుల్మీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"జొవీనో మాత్రం…" అంది లిందాల్వా.

"వాడికీ తెలుసు. పుట్టినప్పటినుంచీ ఒంటికి రాసుకునే నూనె వాసన చచ్చేముందు మర్చిపోతాడా? నీ మొహం చూశాడు. చేతకాని పని చేస్తున్నదానిలా ఏడుపు మొహం పెట్టుకుని రాస్తున్నావు. అందుకడిగాడు. నీకు ధైర్యంగా ఉండాలని, నీ కోసం అడిగాడు." ఒదినెయా ఇప్పుడు లేచి నిలబడింది. గొంతు తగ్గింది గానీ అందరికీ వినపడుతూనే ఉంది. "నువ్వు చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళావు చూడు. అప్పుడు వాడు ఈ చెయ్యి పట్టుకున్నాడు. ఈ వంకర చెయ్యి. ఒదినెయా, నన్ను క్షమించు అన్నాడు. మా పెళ్ళై నలభై ఏళ్ళు. ఒక్కసారి అనలేదు ఆ మాట. నీ చేతి నూనె ఇంకా తడిగా ఉంది వాడి అరచేతిలో. క్షమించానన్నాను. అందుకే దాన్ని చివరి నూనె అంటాను. రోమ్‌లో దాన్నేమంటారో నాకెందుకు?"

లిందాల్వా బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. ఒళ్ళంతా తేలికైపోయినట్టు ఉంది. ఒదినెయా వచ్చి పక్కన ఒరుసుకుని కూర్చుని, "ఇదా నిన్న గరిటె దగ్గర నసిగింది? పెనమంతా మాడబెట్టావు," అంది చెవిలో.

ఫాదర్ ఎవరిస్తో పీఠం మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఆయన కూడా ఊపిరి వదిలిన చప్పుడు మైకులో అందరికీ వినిపించింది.

"నేనూ ఒక మాట చెప్పాలి," అన్నాడు. "గురువు రాలేని చోట దేవుడు గురువు కోసం ఆగి కూర్చోడు. పశ్చాత్తాపపడిన మనిషిని తనే తీసుకుంటాడు. ఇది నాకు చదువుకునే రోజుల్లోనే నేర్పారు. శుక్రవారం నాడు ఒదినెయాగారికి నేను ముందు చెప్పాల్సింది అదీ. చెప్పలేదు."

జేబులోంచి తాళంచెవి తీసి, పీఠం దిగి వచ్చి లిందాల్వా చేతిలో పెట్టాడు. తరవాత వెళ్ళి పూజ కొనసాగించాడు. ఆ రోజు మందసం నిండా ప్రసాదం ప్రతిష్ఠించాడు. మూత మూతపడనంత.

బయట దోనెలు విప్పుకుంటుంటే జుల్మీరా లిందాల్వా సంచి పట్టుకుని మెట్టు దాకా వచ్చింది.

"నా మాట మారలేదు. పీఠం దగ్గర ఆడది నాకు నచ్చదు. సభలో చెప్పు, మా ఆడబిడ్డకి నచ్చదని."

"చెప్తాలే."

"కానీ నేను చావుకి సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రం నాకేది నచ్చుతుందో చూస్తూ కూర్చోకు. సీసా పట్టుకుని వచ్చెయ్."

లాంచీలో వందమంది ఉయ్యాలలు కట్టుకున్నారు. ఒకరు కదిలితే పక్కవాళ్ళు ఊగుతారు. లిందాల్వా ఉయ్యాలా, ఫాదర్ ఉయ్యాలా పక్కపక్కన పడ్డాయి. సాయంత్రపు ఎండ నీళ్ళ మీంచి లాంచీ కప్పు లోపలికి పడి మెరుస్తోంది. ఒడ్డున అడవి నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

"ఒక మాట అడగనా ఫాదర్? ఎవరికైనా భయపడ్డారా మీరు? శుక్రవారం చూస్తే అట్లా అనిపించింది."

"నలభై ఊళ్ళమ్మా నాకు. ఒక ఊళ్ళో ఒకరు తమ పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం వింటుంటే ఇంకో ఊళ్ళో ఎవరో చచ్చిపోతారు. వెళ్ళేసరికి గోరీ మీద మట్టి ఆరిపోయి ఉంటుంది. ప్రతి చోటా అదే మాట, ఆలస్యంగా వచ్చారు ఫాదర్. మీ ఊళ్ళో మాత్రం, మీరు రాకపోయినా జరిగిపోయిందని చెప్పారు. దానికి భయం వేసింది నాకు. మరి నేనెందుకు అనిపించింది."

లిందాల్వా కాలితో నేల తన్ని ఉయ్యాల ఆపింది.

"నాలుగు నెలలైంది నేను పాపసంకీర్తనం చేసుకుని," అన్నాడాయన. "మీకు ఏడాదికో గురువు. నా దగ్గరికి ఎవరూ రారు. ఇంకో గురువు కనపడాలంటే పట్నం పోవాలి."

"అయితే ఇప్పుడు నాకు చెప్తున్నదేంటి?"

"ఇది పాపసంకీర్తనం కాదు. ఊరికే మాట్లాడుతున్నాను."

"ఊరికేనైతే వినొచ్చు," అంది లిందాల్వా. "చెప్పండి."

ఆయన నవ్వాడు. వచ్చినప్పటినుంచీ ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ తరవాత చీకటి పడేదాకా చెప్పాడు. ఆమె వింది. ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అందులో ఏముందో ఎజెకియాస్ ఎన్నిసార్లు అడిగినా తరవాత ఎన్నడూ చెప్పలేదు.

సభ ఒక బడి హాల్లో జరిగింది. పైన పంకాలు తిరుగుతున్నా అందరూ చేతిలో అట్టలతో విసురుకుంటున్నారు. వద్దనేవాళ్ళు వద్దన్నారు, కావాలనేవాళ్ళు కావాలన్నారు. ఒకాయన లేచి చాలాసేపు లాటిన్ ముక్కలు చెప్పాడు. లిందాల్వా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నీలం గౌను వీపుకి అంటుకుపోయింది.

ముందు జుల్మీరాకి నచ్చదని చెప్పింది, మాట ఇచ్చింది కాబట్టి. హాలు నవ్వింది. తరవాత నూనె సంగతి మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. దాచిపెట్టిన చోటు ఏదీ లేకపోయేసరికి చెప్పడం తేలికగా వచ్చింది. మోకాళ్ళ నూనె అని ఎవరూ వెక్కిరించలేదు. వెక్కిరించే మాట ఆమే ముందు అనేసింది.

"నాకు చదువు లేదు," అంది చివర్లో. "చదవడం నేనే నేర్చుకున్నాను, ఈ బైబిలు పట్టుకునే. మా చెరువు దగ్గర జనం చచ్చిపోతారు, వరద వచ్చినా ఎండొచ్చినా. ఆ నూనె అక్కడే ఉండే మనిషి చేతిలో ఉండాలి. మగాడైనా సరే, ఆడదైనా సరే. అక్కడ ఉండేది మేమే మరి."

బిషప్పుగారు ముసలాయన. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు. "మీకు ఆ పట్టం ఇస్తే తీసుకుంటారా అమ్మా?" అని అడిగారు.

అది ఎవరూ ఆమెని అడగని ప్రశ్న. ఎజెకియాస్ కూడా అడగలేదు. తనని తను అడగడానికి కూడా భయపడిన ప్రశ్న. మొహం వేడెక్కింది.

"అడిగితే కాదనను," అంది లిందాల్వా. కూర్చుంది. పక్కనున్న మరో చెరువు మనిషి, ఎవరో తెలియని ముసలామె, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

రేవులో ఫాదర్ ఎవరిస్తో ఆమెని లాంచీ ఎక్కించాడు. "క్రిస్మస్‌కి వస్తాను. ఈసారి వారం రోజులు ఉంటాను," అన్నాడు.

"ఉయ్యాల వేసి ఉంచుతాం ఫాదర్."

గురువారం మధ్యాహ్నానికి లాంచీ చెరువు మొగలో ఆగింది. ఎజెకియాస్ దోనెతో ఎదురొచ్చాడు. వెనక ఒదినెయా కూర్చుని ఉంది. "వచ్చిందిరా వాళ్ళక్కలా పోకుండా," అని అరిచాడు నీళ్ళ మీద ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడేలా. లిందాల్వా దోనెలోకి దిగి, ఇంటి కప్పు కనపడేదాకా సంచి ఒళ్ళోనే పెట్టుకుంది. కనపడ్డాక నవ్వింది.

మరుసటి ఏడాది రోమ్‌లో సమావేశం జరిగింది. మాటలు జరిగాయి. లిందాల్వాని మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె ప్రతి ఆదివారం గుడి తలుపు తీస్తూనే ఉంది. ప్రసాదం తరిగిపోతుంటే ముందు సగాలు చేసింది, తరవాత పావులు చేసింది, ఆ తరవాత గోరంత ముక్కలు చేసి అందరికీ అందేలా పంచింది.

ఆయన వస్తానన్న ఆ క్రిస్మస్‌కి ఉయ్యాల వేసి ఉంచారు. ఫాదర్ ఎవరిస్తో సాంత క్విటేరియాకి మళ్ళీ రాలేదు, ఎందుకన్నది కబురు కూడా లేదు. ఆయన ఆ ఊరు విడిచి వెళ్ళింది రెండు వేల పద్దెనిమిది జూన్ నెలలో, ఒక ఆదివారం.